తోక పూసలు చెప్పిన చుట్టరికం: ఎండిపోయిన జాడీలో పన్నెండు అనోల్‌లు

జాడీ మూత తిప్పితే స్పిరిట్ వాసన గుప్పుమనాలి. అనలేదు. మూతలోని రబ్బరు వాషరు ఎప్పుడో పగిలింది. లోపలి ఆల్కహాల్ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరైపోయింది. అడుగున పన్నెండు బల్లులు నల్లబడి, ముడుచుకుపోయి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. పక్కన పడి ఉన్న కాగితం లేబుల్ మీద చదవగలిగినవి మూడే మాటలు: అనోలిస్, జమైకా, క్యూబా. అనోలిస్ అంటే అనోల్ అనే బల్లుల ప్రజాతి పేరు, మిగతా రెండూ కరీబియన్ దీవులు. ఏ బల్లి ఏ దీవిదో రాసిన సగం చిరిగిపోయింది.

నమూనాల బాగోగులు చూసే మ్యూజియం క్యురేటర్ అడిగింది చిన్న ప్రశ్నే. "వీటిలో జమైకావి ఏవి, క్యూబావి ఏవి? తేల్చి చెప్తే సొరుగుల్లో సర్దేస్తాను." ఎముకలు పోల్చి చూడటమే నా పని కాబట్టి వారం చాలనుకున్నాను. రెండు నెలలు పట్టింది. అందులో ఒక వారం నేను చేసిన తప్పు దిద్దుకోవడానికే పోయింది. ఈ కేసు రాయాలనిపించడానికి ఆ తప్పే కారణం.

అసలు ఎముకలదాకా ఎందుకు పోవాల్సి వచ్చిందంటే, మామూలుగా అనోల్‌ని గుర్తుపట్టడానికి పొలుసులు లెక్కపెడతారు, వేళ్ల కింద పట్టునిచ్చే మెత్తల్లో మడతలు లెక్కపెడతారు, మగదాని గొంతు కింద విసనకర్రలా విచ్చుకునే తోలు రంగు చూస్తారు. రంగు స్పిరిట్‌లో వేసిన కొన్నాళ్లకే పోతుంది. ఇక్కడ చర్మం కూడా బిగుసుకుపోయింది, పొలుసేదో ముడతేదో తెలియదు. పోనీ డీఎన్‌ఏ తీద్దామా అంటే, వీటిని మొదట ఫార్మాలిన్‌లో ఉంచి తర్వాత ఆల్కహాల్‌లోకి మార్చారు. ఫార్మాలిన్ డీఎన్‌ఏని తునకలు చేసి ప్రొటీన్లతో ముడివేసేస్తుంది. అసలే తీయలేమని కాదు గానీ, పెట్టిన శ్రమకు తగ్గ ఫలితం దక్కుతుందన్న భరోసా లేదు. పాతబడి ఆమ్లం తిరిగిన ఫార్మాలిన్ అయితే ఎముకల్లోని కాల్షియాన్ని కూడా కరిగించి పారేస్తుంది. ఆ ఒక్క విషయంలో అదృష్టం బాగుంది, ఎముకలు గట్టిగానే ఉన్నాయి.

తోకలో ఏముంది

తొండని చూసిన కళ్లకు అనోల్ దాని చిన్న చెల్లెల్లా కనిపిస్తుంది. చుట్టరికం అంత దగ్గరిది కాదు. నోరు తెరిస్తే తెలిసిపోతుంది. తొండకూ ఊసరవెల్లికీ దవడ అంచు మీద నిలబెట్టినట్టుండే పళ్లు ఎముకలోనే కలిసిపోయి ఉంటాయి. తొండకు ముందు వరసలో ఉండే కొన్ని తప్ప అరిగితే అరిగినట్టే, కొత్తవి రావు. అనోల్ పళ్లు దవడ లోపలి గోడకు చేరగిలబడి ఉంటాయి, జీవితాంతం ఊడుతూ మొలుస్తూ ఉంటాయి. లేబుల్ ఏం చెప్పినా సరే, ఏ బల్లి అస్థిపంజరం చేతికొచ్చినా నేను మొదట చూసేది పళ్లే. పన్నెండూ అనోల్‌లే అని అలా ఖాయం చేసుకున్నాను.

ఆ తర్వాతే చిక్కు. అనోల్‌లు నాలుగు వందల దాకా జాతులున్నాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ భాగం, కరీబియన్ దీవులు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం అంతా పరుచుకుని ఉంటాయి. ఒకే మూసలో పోసినట్టుండే ఇన్ని జాతులను ఎముకలతో విడదీయవచ్చని గట్టిగా చూపించినవారు రిచర్డ్ ఎథరిడ్జ్. 1959లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ కోసం అనోల్‌ల అస్థిపంజరాల మీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథం పుస్తకంగా అచ్చు కాలేదు. అయినా ఆ తర్వాత అనోల్‌ల వర్గీకరణ మీద పనిచేసినవాళ్లందరూ దాన్ని వెతికి పట్టుకుని చదివారు. ఎక్కువగా ఎక్స్‌రేల మీద ఆధారపడటం వల్ల ఆయన నమూనాలను కోయకుండానే చాలా జాతులను చూడగలిగారు.

ఆయన పట్టుకున్న ఆనవాలు తోకలో ఉంది. అనోల్ తోక మొదట్లో కొన్ని వెన్నుపూసలకు రెండు పక్కలా రెక్కల్లా కొమ్ములు పొడుచుకొచ్చి ఉంటాయి. శరీర నిర్మాణ శాస్త్రంలో వీటిని ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ అంటారు, నేను రెక్కలనే రాస్తాను. ఆ మొదటి పూసలు విరగవు. వాటిని దాటాక విరిగే పూసలు మొదలవుతాయి. శత్రువు తోక పట్టుకున్నప్పుడు బల్లి తోక తెగేది రెండు పూసల మధ్య కాదు, ఒకే పూస నడుమ. అందుకోసం ఆ పూసలో ముందే ఒక పగులుగీత ఉంటుంది. ఎక్స్‌రేలో అది వెంట్రుకంత నల్లగీతలా కనిపిస్తుంది.

ప్రశ్నంతా ఇదే: పగులుగీత ఉన్న పూసలకు రెక్కలున్నాయా, లేవా? లేకపోతే ఎథరిడ్జ్ లెక్కలో అది ఆల్ఫా. ఉంటే బీటా. బీటాలో ఆ రెక్కలు తిన్నగా పక్కకు కాక ముందుకు, అంటే తలవైపు, వాలి ఉంటాయి. మనిషి రెండు చేతులూ పక్కలకు చాచి కాస్త ముందుకు వంచితే ఎలా ఉంటుందో అలా.

నా జాడీకి ఇది అచ్చంగా సరిపోయే తాళం చెవి. జమైకాలో ఉండే అనోల్‌లన్నీ బీటాలే. క్యూబాలో రెండూ ఉన్నాయి: ఆకుపచ్చ అనోల్‌లు, పెద్ద తలల రాక్షస అనోల్‌లు ఆల్ఫాలు, సగ్రెయి అనే జాతి, దాని బంధువర్గం బీటాలు. కాబట్టి ఆల్ఫా దొరికితే అది జమైకాది కానే కాదు. బీటా దొరికితే రెండు దీవుల్లో ఏదైనా కావచ్చు. తాళం చెవి సగం తలుపే తీస్తుందన్నమాట. ఆ సంగతి మొదట్లోనే నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే బాగుండేది.

పని నడిచిన తీరు

అతుక్కున్నవాటిని తేమ గదిలో రెండు రోజులు ఉంచితే మెత్తబడి విడివడ్డాయి. ఒక్కోదాన్నీ నురుగు పలక మీద పరిచి, తోకను పురికొసతో అదిమి, క్యాబినెట్ ఎక్స్‌రేలో తక్కువ వోల్టేజి దగ్గర బొమ్మ తీశాను. తోక మెలి తిరగకుండా పడుకోబెట్టడం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ పనంతా అక్కడే ఉంది. పైనుంచి తీస్తే రెక్కలు రెండు పక్కలా కనిపిస్తాయి. తోక కాస్త ఒరిగితే రెక్క కొన మన కళ్లవైపు తిరిగి పూస మీదే పడిపోతుంది, లేనట్టే కనిపిస్తుంది. మూడు నమూనాలకు ఈ కారణంగానే రెండోసారి తీయాల్సి వచ్చింది. అనుమానం మిగిలిన నాలుగింటిని సీటీ స్కాన్‌కి పంపాను.

పొట్ట పక్కటెముకల లెక్క కూడా చూద్దామనుకున్నాను. అనోల్‌లకు ఛాతీ ఎముక వెనక, పొట్ట కింది భాగంలో సన్నని మృదులాస్థి పక్కటెముకలు ఉంటాయి. వాటిలో ఎన్ని వెన్నువైపు పక్కటెముకలతో కలుస్తాయి, ఎన్ని విడిగా తేలుతుంటాయి అన్నది ఎథరిడ్జ్ వాడిన మరో ఆనవాలు. పురుగులతో మాంసం తినిపించి శుభ్రం చేసిన పొడి అస్థిపంజరాల్లో ఇవి దక్కవు. మృదులాస్థి కాబట్టి పురుగులు వాటిని కూడా తినేస్తాయి, లేదా కడిగినప్పుడు కొట్టుకుపోతాయి. నా దగ్గరున్నవి చర్మంతో ఉన్న నమూనాలు కాబట్టి దక్కుతాయని ఆశపడ్డాను. ఎండినప్పుడు పొట్టలు వెన్నుకు అతుక్కుపోవడంతో పన్నెండింటిలో ఒక్కదానికి కూడా లెక్క తేలలేదు.

సులువైనది ముందు చెప్పేస్తాను. ఒకటి మిగతావాటికంటే రెండింతలకు పైగా పెద్దది. తల మీద ఎముకలు గరుకు తేలి శిరస్త్రాణంలా లేచి ఉన్నాయి. తోక ఆల్ఫా. క్యూబాలోని ఎక్వెస్ట్రిస్, 1820 నుంచి ఆ పేరుతోనే పిలుస్తున్న రాక్షస అనోల్. పది నిమిషాల పని.

ఒకేలా ఉన్న రెండు సన్న బల్లులు

నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టింది ఈ జంట. ఒకటి మూతి నుంచి మలద్వారం దాకా 46 మిల్లీమీటర్లు, రెండోది 47. రెండింటికీ సన్నని కోలతల, పొట్టి కాళ్లు. తొడ ఎముక పొడవును ఒంటి పొడవుతో భాగిస్తే వచ్చిన అంకెలు దాదాపు ఒకటే. పుర్రె వెడల్పు కూడా అంతే. కొలతలను నమ్మితే ఈ రెండూ ఒకే జాతి, బహుశా ఒకే చెట్టువి.

పొట్టి కాళ్లంటే సన్న కొమ్మల మీద బతుకు. అనోల్‌లతో పనిచేసేవాళ్లకు ఇది అక్షరాభ్యాసం లాంటిది. సరీసృపాల శాస్త్రవేత్త ఎర్నెస్ట్ విలియమ్స్ 1970లలో క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టో రికో అనోల్‌లను అవి బతికే చోటును బట్టి ఆరు మూసలుగా చూశారు: చెట్టు నెత్తిన ఉండే రాక్షసులు, మాను పైభాగంలో ఉండేవి, మానును అంటిపెట్టుకునేవి, మాను మొదట్లో నేల దగ్గర ఉండేవి, సన్న కొమ్మలవి, గడ్డి పొదలవి. ఒక దీవిలోని సన్నకొమ్మ అనోల్‌కి ఇంకో దీవిలోని సన్నకొమ్మ అనోల్‌తో రూపం కలుస్తుంది, రక్తం కలవదు. ఆ మూసలు దీవి దీవికీ విడివిడిగా పుట్టాయని 1998లో జొనథన్ లోసోస్ బృందం డీఎన్‌ఏతో చూపించింది.

రూపాన్ని చూసి చుట్టరికం కలిపినవాళ్లు ముందు తరాల్లోనూ ఉన్నారు. జమైకా సన్నకొమ్మ అనోల్ వాలెన్సియెన్నీని, హిస్పానియోలా సన్నకొమ్మ అనోల్ డార్లింగ్‌టోనీని ఒకప్పుడు జిఫోసెర్కస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టారు. రెండూ సన్నగా ఉన్నాయి, రెండూ నిదానంగా కదులుతాయి, రెండూ పొట్టికాళ్లవి. ఆ రోజుల్లో నేనుంటే నేనూ అదే పని చేసేవాణ్ని.

కాలి ఎముక పొడవు అంత తేలిగ్గా ఎందుకు మోసం చేస్తుందో ఇంకో ప్రయోగం చెబుతుంది. సగ్రెయి అనోల్ పిల్లలను కొన్నింటిని వెడల్పు చెక్కల మీద, కొన్నింటిని సన్న పుల్లల మీద పెంచారు. వెడల్పు చెక్కల మీద పెరిగినవాటికి వెనక కాళ్లు కాస్త పొడుగ్గా వచ్చాయి. 2000లో అచ్చయిన పని ఇది. జాతి ఒకటే అయినా, నడిచిన చోటును బట్టి ఎముక మారింది. అలాంటప్పుడు కాలి కొలత ఒక్కటే చూసి వంశం కట్టడం, చేతి కాయలు చూసి ఇంటిపేరు చెప్పడం లాంటిదే.

ఇక తోకలు. మొదటిదానికి తోక మొదలు దాటాక పూసలు నున్నగా ఉన్నాయి, రెక్క మొలిచిన జాడ లేదు. రెండోదానికి వెనక్కి ఎంత దూరం వెళ్లినా ప్రతి పూసకూ ముందుకు వాలిన రెక్కలున్నాయి. అవి కూడా ఎంతని? ఒక్కోటి అర మిల్లీమీటరు ఉంటుందేమో. సీటీ బొమ్మను తెర మీద తిప్పి తిప్పి చూశాను, నీడ కాదు కదా అని. కాదు. మొదటిది ఆల్ఫా, క్యూబా సన్నకొమ్మ అనోల్ ఆంగుస్టిసెప్స్. రెండోది బీటా, జమైకా వాలెన్సియెన్నీ.

అయితే ఒక పేచీ ఉంది. వాలెన్సియెన్నీ ఆంగుస్టిసెప్స్ కంటే బాగా పెద్దది. 47 మిల్లీమీటర్ల దగ్గర అది ఇంకా పిల్ల అయి ఉండాలి. ఉందా? మోకాలి దగ్గర చూశాను. బల్లుల పొడవాటి ఎముకల కొసల్లో విడిగా గట్టిపడే టోపీ లాంటి భాగం ఒకటుంటుంది. ఎదుగుదల ఆగేదాకా టోపీకీ కాండానికీ మధ్య సందు కనిపిస్తుంది. ఆంగుస్టిసెప్స్ మోకాలిలో ఆ సందు పూడిపోయింది. రెండోదాని మోకాలిలో గీత నల్లగా, స్పష్టంగా ఉంది. నడినెత్తి మీద కూడా పుర్రె పూర్తిగా మూసుకోలేదు. ఒకటి చిన్న జాతిలో పెద్దది, రెండోది పెద్ద జాతిలో చిన్నది. ఇద్దరూ ఒకే కొలత దగ్గర ఎదురుపడ్డారు, అంతే.

నెత్తి మీది గట్లు

ఆకుపచ్చ అనోల్‌ల మూసలో ఉన్నవి నాలుగు. నాలుగూ ఆల్ఫాలే, కాబట్టి క్యూబావే. మూతి పొడవు చూస్తే పోర్కాటస్ అనే క్యూబా ఆకుపచ్చ అనోల్. కానీ వాటిలో చిన్నది ఒకటి నా కంట్లో నలుసులా ఉండిపోయింది. పెరైటల్ అంటే నడినెత్తి ఎముక. దాని మీద దవడ కండరాలు పట్టుకునే అంచున రెండు గట్లు ఉంటాయి. పెద్ద రెండింటిలో అవి వెనక్కి వచ్చి కలిసి, అక్కణ్నుంచి ఒకే గట్టుగా సాగాయి, రెండు కొమ్మల పంగలకర్రలా. చిన్నదానిలో అవి ఎక్కడా కలవలేదు, రెండు పక్కలా విడివిడిగా నడుచుకుంటూ పోయాయి. వేరే జాతేమో అని ఒక సాయంత్రమంతా తిరగేశాను.

తీరా నాలుగింటినీ పొడవు వరసలో పేరిస్తే కథ మారింది. చిన్నదానిలో గట్లు దూరంగా, దాని తర్వాతదానిలో వెనక కొసన తాకీ తాకకుండా, మిగతా రెండింటిలో కలిసిపోయి. దవడ కండరం పెరిగేకొద్దీ నెత్తి మీద దాని పట్టు నడిమికి జరుగుతుంది, గట్లను కూడా వెంట తోసుకుపోతుంది. అనోల్‌లలో ఇది మామూలే. ఒక్క పుర్రెను చూసి గట్టు ఆకారాన్ని జాతి లక్షణంగా రాసుకుంటే వయసును జాతిగా రాసుకున్నట్టవుతుంది. అప్పటినుంచి ఒంటరి పుర్రె ఎవరైనా తెచ్చిస్తే గట్ల వైపు చూడనే చూడను, వయసు అంచనాకు తప్ప.

నా తప్పు

పదో నమూనా తోక తెగినది. అదీ మొదలుకు బాగా దగ్గరగా. మిగిలిన పూసలు అయిదు. అయిదింటికీ చక్కటి రెక్కలు. నేను చకచకా బీటా అని రాశాను. ఒంటి తీరు చూస్తే మాను పైభాగంలో ఉండే మూస. బీటా కాబట్టి, ఆ మూసలో జమైకాలో ఉండేది గ్రహమీ కాబట్టి, 'గ్రహమీ, జమైకా' అని రిజిస్టర్‌లో సిరాతో ఎక్కించాను. తాళం చెవి బాగా పనిచేస్తోందన్న సంబరం ఒకటి.

మా దగ్గర చాలా ఏళ్లు అస్థిపంజరాలు తయారుచేసి రిటైరైన పెద్దాయన ఒకరు అప్పుడప్పుడూ వస్తుంటారు. ఆ రోజు ఎక్స్‌రే బొమ్మలు తెర మీద తెరిచి ఉన్నాయి. కళ్లద్దాలు నెత్తి మీదకు తోసి, పదోదాని దగ్గర ఆగారు.

"దీన్ని బీటా అని ఎట్లా అన్నావయ్యా?"

"రెక్కలు ఉన్నాయి కదండీ, అయిదింటికీ."

"ఉంటాయి. అన్నిటికీ ఉంటాయి అక్కడ. పగులుగీత చూపించు."

చూపించలేకపోయాను. ఆ అయిదు పూసల్లో ఒక్కదానికీ గీత లేదు. అవన్నీ తోక మొదట్లో ఉండే విరగని పూసలు. ఆల్ఫా అయినా బీటా అయినా అక్కడ రెక్కలు ఉండి తీరతాయి. రెక్కలు ఉన్నాయా లేవా అన్న ప్రశ్నకు అర్థమే పగులుగీత ఉన్న పూస దగ్గర మొదలవుతుంది. ఆ సగం వాక్యం వదిలేసి మిగతా సగాన్ని పట్టుకుని ఊరేగాను. నిజానికి ఆ తోక ఏమీ చెప్పలేదు. చెప్పినట్టు నేను విన్నాను.

"ఇంకొకటి చూడు," అన్నారు ఆయన, వేరే నమూనా చూపిస్తూ. దాని తోక పొడుగ్గానే ఉంది, కానీ సగం దాటాక పూసలే లేవు, నున్నటి గొట్టం ఒకటి కొసదాకా పోయింది. తెగిన తోక మళ్లీ మొలిస్తే వెన్నుపూసలు మొలవవు. మృదులాస్థి కడ్డీ ఒకటి పెరిగి, దాని చుట్టూ గట్టిపడుతుంది. "రేపు దీన్ని చూసి రెక్కల్లేవు, ఆల్ఫా అని రాస్తావా?" దాన్ని అంతకుముందే తెగిన చోటికి పైనున్న పూసలు చూసి సరిగానే గుర్తుపట్టాను. ఆ మాట పైకి అనబుద్ధి కాలేదు.

పదోదాన్ని సీటీకి పంపి పుర్రె పోల్చాను. పొడుగాటి చదును మూతి, కళ్ల ముందునుంచి ముక్కుదాకా పోయే జంట గట్లు. మా దగ్గర ఊరూపేరూ తెలిసిన పోర్కాటస్ పెద్ద మగ పుర్రె ఉంది, పక్కన పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. వయసుతో గట్లు మారతాయని ఇప్పుడే చెప్పాను కాబట్టి, అదే సైజు పుర్రెతోనే పోల్చానని కూడా చెప్పాలి. రిజిస్టర్‌లో సిరాతో రాసినదాన్ని కొట్టేసి, పక్కన తేదీ వేసి, కారణం రాశాను. చెరపకూడదు. తర్వాత చూసేవాళ్లకు నేనెక్కడ జారానో కనబడాలి.

ఆల్ఫా ఒక కుటుంబం కాదు

పదోది తేలాక క్యురేటర్ ఇంకో ఆలోచన చెప్పారు. సొరుగులకు ఆల్ఫా అని ఒకటి, బీటా అని ఒకటి పేరు పెడదామని. బీటా సొరుగుకు నాకు అభ్యంతరం లేదు. ముందుకు వాలిన ఆ రెక్కలున్నవన్నీ ఒకే పూర్వీకుడి సంతానమని డీఎన్‌ఏ కూడా ఒప్పుకుంది. క్యూబా, జమైకా బీటాలు, ప్రధాన భూభాగం మీది బీటాలు, అన్నీ ఒకే కొమ్మవి. పైగా భూభాగం మీదివి దీవుల నుంచి తిరుగుప్రయాణం చేసి వెళ్లినవాటి సంతానం. అర మిల్లీమీటరు ఎముక అంత దూరం నిలబడింది.

ఆల్ఫా మాత్రం అలాంటిది కాదు. బీటాలను తీసేస్తే మిగిలినవన్నీ ఆల్ఫాలు. లేకపోవడం ఒక్కటే వాటిని కలిపే లక్షణం. కొన్ని ఆల్ఫాలు, ఉదాహరణకు ప్యూర్టో రికోలోని క్రిస్టాటెల్లస్ వర్గం, మిగతా ఆల్ఫాల కంటే బీటాలకే దగ్గరి చుట్టాలు. లేనివాళ్లందరినీ ఒక ఇంటివాళ్లు అనలేం కదా. పాత నమూనా అలాగే మిగిలిపోయినవాళ్లు ఎన్ని ఇళ్లవాళ్లైనా కావచ్చు. గుర్తింపుకు ఆల్ఫా అన్న మాట పనికొస్తుంది, సొరుగుకు పేరుగా పనికిరాదు.

ఎముకలతో కట్టిన పెద్ద పెద్ద వర్గాలకూ ఇదే గతి పట్టిన సందర్భాలున్నాయి. 1989లో డారెల్ ఫ్రాస్ట్, ఎథరిడ్జ్ కలిసి ఇగ్వానా కుటుంబాన్ని ఎనిమిది కుటుంబాలుగా విడగొట్టినప్పుడు అనోల్‌లను పాలిక్రస్ అనే చెట్టు బల్లితో ఒకే ఇంట్లో పెట్టారు. తర్వాత డీఎన్‌ఏ వాటిని విడదీసి, అనోల్‌లకు డాక్టిలాయిడే అని వేరే ఇల్లు ఇచ్చింది. 2012లో జాక్ గొతియే బృందం బల్లులూ పాములూ కలిపి 192 జాతులను 610 లక్షణాలతో పోల్చింది. అంత పెద్ద పట్టికలో కూడా నేలలో దూరి బతికే కాళ్లులేని బల్లులు అన్నీ ఒకచోట చేరాయి. వాటిలో యాంఫిస్బీనియన్లను డీఎన్‌ఏ తీసుకెళ్లి నాలుగు కాళ్లతో ఎండలో పరుగెత్తే లాసెర్టిడ్‌ల పక్కన కూర్చోబెడుతుంది. మట్టి తొలిచే బతుకు పుర్రెను ఒక తీరుకు తెస్తే, ఆ ఒక్క కారణం పట్టికలో ఇరవై ముప్ఫై లక్షణాలుగా కనిపిస్తుంది. లెక్క పెరిగినంత మాత్రాన సాక్షులు పెరగరు, ఒక్కడే ఇరవై గొంతులతో మాట్లాడుతుండవచ్చు. అలాగని ఎముకను పక్కన పెట్టలేం. డొమినికన్ అంబర్‌లో, అంటే శిలలా గట్టిపడిన చెట్టు జిగురులో, కోటిన్నర ఏళ్లకు పైగా చిక్కుకున్న అనోల్‌లకు డీఎన్‌ఏ ఎవరూ తీయలేరు. 2015లో వాటిని సీటీలో చూసి, ఈనాటి మూసలు అప్పటికే ఉన్నాయని చెప్పగలిగింది ఎముకల వల్లే.

ఇంతకీ ప్రజాతి పేరు సంగతి. 2012లోనే అనోలిస్‌ని ఎనిమిది ప్రజాతులుగా చీల్చి, బీటాలకు నోరోప్స్ అన్న పేరు పెట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. కొందరు వాడతారు, కొందరు ఒప్పుకోరు. క్యురేటర్, నేను దీని మీద అరగంట వాదించుకుని లేబుల్‌లో అనోలిస్ అనే ఉంచాం. వెతికేవాళ్లు ఆ పేరుతోనే వెతుకుతారు.

మిగిలిన నాలుగు

ఇప్పటిదాకా లెక్క: ఎక్వెస్ట్రిస్ ఒకటి, పోర్కాటస్ అయిదు, ఆంగుస్టిసెప్స్ ఒకటి, మొత్తం ఏడు క్యూబావి. వాలెన్సియెన్నీ ఒకటి జమైకాది. మిగిలిన నాలుగూ మాను మొదట్లో, నేల దగ్గర బతికే మూస. పొడుగు వెనక కాళ్లు, బలమైన ఒళ్లు. నాలుగింటికీ పగులుగీతలున్న పూసలు దండిగా ఉన్నాయి, వాటికి ముందుకు వాలిన రెక్కలూ ఉన్నాయి. బీటాలు, సందేహం లేదు.

కానీ ఈ మూసలో క్యూబాలో సగ్రెయి ఉంది, జమైకాలో లినియటోపస్ ఉంది. రెండూ బీటాలే. తోక ఇద్దరికీ ఒకే సమాధానం చెబుతుంది. కాళ్లు బతుకు గురించి చెబుతాయి, బతుకు ఇద్దరిదీ ఒకటే. పొట్ట పక్కటెముకలు నలిగిపోయాయి. క్యురేటర్ ఒకటికి రెండుసార్లు అడిగారు, పోనీ ఏది ఎక్కువ అనిపిస్తోందో చెప్పమని. చెప్పలేదు. పదో నమూనా అనుభవం ఇంకా పచ్చిగానే ఉంది.

నాలుగింటినీ కొత్త జాడీలో, కొత్త వాషరుతో, డెబ్బై శాతం ఆల్కహాల్‌లో వేశాం. లేబుల్ మీద పెన్సిల్‌తో రాశాను: అనోలిస్, బీటా, సగ్రెయి లేదా లినియటోపస్. పాత చిరుగు లేబుల్‌ని కూడా అదే జాడీలో వేశాం.